ముక్కు చెప్పని సంగతి

మా అక్క కూతురికి ఆడపిల్ల పుట్టి ఆ రోజుకి పద్దెనిమిది రోజులు. కాన్పు పుట్టింట్లోనే జరగాలని అక్క చాలా పట్టుబట్టింది. చివరి నెలలో ప్రయాణం వద్దని డాక్టరు అనడంతో తనే మూటాముల్లే సర్దుకుని హైదరాబాదు వచ్చింది. మియాపూర్‌లో ఏడో అంతస్తు. కొత్త ఫ్లాటు, గృహప్రవేశమై నాలుగు నెలలు.

బాలింత స్నానం అయింది. అక్క కొబ్బరి చిప్ప ముక్కల్ని పొయ్యి మీద కాల్చి, నిప్పుల్ని ఇత్తడి ధూపం గిన్నెలో వేసి, పైన సాంబ్రాణి పొడి చల్లింది. ఒక చేత్తో గిన్నె, ఇంకో చేత్తో వెదురు బుట్ట పట్టుకుని పడగ్గదిలోకి వచ్చింది. మూలనున్న ఎయిర్ ప్యూరిఫయర్ మీద ఆకుపచ్చ దీపం, దాని కింద 42 అనే అంకె ఉన్నాయి. అక్క బుట్ట బోర్లించేలోపే దీపం ఎర్రబడింది, మిషను రొద పెట్టింది.

తర్వాత జరిగిన వాదన ఇది. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పినదాన్ని కాబట్టి మధ్యలో నేనూ ఒకటి రెండుసార్లు కలగజేసుకున్నాను.

కూతురు: అమ్మా, ముందా గిన్నె తీసుకెళ్ళి బాల్కనీలో పెట్టు.

అక్క: ఏం, ఇప్పుడేమైంది? నీకూ వేశాను, నీ తమ్ముడికీ వేశాను. మా అమ్మ మా నలుగురికీ వేసింది. జలుబు చెయ్యదు, దోమా ఈగా రాదు, దిష్టి పోతుంది.

కూతురు: అటు చూడు. మాట్లాడుతుండగానే 42 కాస్తా 500 దాటింది.

అక్క: ఆ డబ్బాకి సాంబ్రాణి అంటే ఏం తెలుసే? దుమ్మనుకుంటోంది.

కూతురు: తెలియదు, నిజమే. ఊపిరితిత్తులకీ తెలియదు. లారీ పొగలోదైనా సాంబ్రాణి పొగలోదైనా నలుసు నలుసే. వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతుంటే చాలు, ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్ళి కూచుంటుంది. నువ్వు నిమిషానికి పదిహేనుసార్లు ఊపిరి తీస్తావు. ఇది నలభై, యాభై సార్లు తీస్తుంది. దాని పొట్ట చూడు.

చూశాను. చలికాలం ఎండ కిటికీలోంచి పొత్తిగుడ్డల మీద పడుతోంది. బొడ్డు ఊడిన చోటు ఇంకా పూర్తిగా మానలేదు. దాని పైన ఆ చిన్న పొట్ట టపటపా ఎగిరెగిరి పడుతోంది. ఎండ పడిన మేర పొగ నీలంగా సుళ్ళు తిరుగుతూ మంచం వైపే వస్తోంది. అక్క కూడా చూసింది. మాట్లాడకుండా గిన్నె బయట పెట్టి వచ్చింది. అంతమాత్రాన ఒప్పుకున్నట్టు కాదు.

అక్క: మరి తల తడి ఎలా ఆరుతుంది? పూర్వం బాలింతని చీకటి గదిలో ఉంచేవాళ్ళు. ఎండ ఉండదు, గాలి ఉండదు, వానాకాలమైతే గోడలన్నీ చెమ్మ. తడి తలతో పడుకుంటే పడిశం పడుతుందని ఆ వేడి పెట్టేవాళ్ళు. ఊరికే పుట్టలేదు ఆ ఆచారం.

కూతురు: ఊరికే పుట్టిందని నేననలేదు. నువ్వే చెప్పావుగా, చీకటి గది కాబట్టి వేశారని. ఇక్కడ తొమ్మిదింటికల్లా బాల్కనీ నిండా ఎండ. అక్కడ కూచుని ఆరబెట్టుకుంటాను.

అక్క: నా పొగ కంటికి కనబడుతుంది కనక నాకు చీవాట్లు పెడుతున్నావు. మరి నీ ఇంట్లో కనబడని పొగ సంగతేమిటి?

కూతురు: నా ఇంట్లో ఏం పొగ?

అక్క లేచి వెళ్ళి గోడకి కట్టించిన బట్టల అలమర తలుపు తీసి, కూతుర్ని పిలిచి, తల లోపల పెట్టమంది. నేనూ పెట్టాను. ఒక్కసారి ముక్కు మండి కళ్ళు చెమర్చాయి. ఇంటికి వచ్చినవాళ్ళంతా కొత్త చెక్క వాసన అని మెచ్చుకున్నది దీన్నే.

అక్క: నిన్న బట్టలు సర్దుతుంటే అరగంటలో నాకు తలనొప్పి వచ్చింది. మా నాయనమ్మ భోషాణం టేకుది, నా బీరువా ఇనపది. ఏనాడైనా కళ్ళు మండాయా? ఇందులో ఏం కలిపారు?

ఇక్కడ నేను కలగజేసుకోక తప్పలేదు. ఆ అలమర చెక్క కాదు. కలప పీచుని జిగురుతో కలిపి, అదిమి చేసిన ఎండీఎఫ్ పలక. చవక రకాల్లో వాడే జిగురు యూరియా ఫార్మాల్డిహైడ్. అందులోంచి ఫార్మాల్డిహైడ్ వాయువు నెలల తరబడి కొద్దికొద్దిగా బయటికొస్తూనే ఉంటుంది. వేడికీ చెమ్మకీ ఇంకా ఎక్కువగా వస్తుంది. దాన్ని మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే పదార్థాల జాబితాలోకి ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే చేర్చింది. ల్యాబులో కప్పని జాడీలో ముంచి ఉంచే ఫార్మలిన్ కూడా ఇదే వాయువుని నీళ్ళలో కలిపింది. పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు ఆ జాడీ మూత తీస్తే ఎలా మండేదో, ఈ తలుపు తీసినా అలాగే మండింది.

కూతురు: అయ్యో పిన్నీ, పాపాయి బట్టలన్నీ అందులోనే ఉన్నాయి.

అక్క: తియ్యి మరి. ఇంకా ఉంది, విను. హాల్లో గోడకి గుచ్చిన ఆ సీసా ఏమిటి? అరగంటకోసారి బుస్సుమని మల్లెపూల వాసన కొడుతుంది. ఏ పూలవే అవి? పనమ్మాయి ఫినాయిల్ పోస్తే పైన్ వాసన, బాత్‌రూంలో నిమ్మకాయ వాసన, దిండుకి లావెండరు వాసన. నేను వేసింది చిటికెడు సాంబ్రాణి. నువ్వు ఇరవైనాలుగు గంటలూ వేస్తున్నావు ధూపం.

కూతురు: శుభ్రంగా ఉండాలనే కదమ్మా.

అక్క: శుభ్రమైన ఇంటికి వాసనెందుకుంటుందే? నీళ్ళకి వాసన ఉంటే తాగుతావా?

ఈ మాట అక్కే అన్నది. నేను పుస్తకాల్లో చదివినదాన్ని ఆవిడ కడవలో నీళ్ళతో తేల్చేసింది. గాలికి సువాసన కలిపితే గాలి బాగుపడదు, అందులో ఇంకో నాలుగు రసాయనాలు చేరతాయంతే. శుభ్రం పేరుతో ఇంతకంటే ప్రమాదమైన పని కూడా ఇళ్ళలో జరుగుతుంది. మరుగుదొడ్డిలో యాసిడ్ పోసి, అది చాలదని పైన బ్లీచింగ్ పౌడర్ చల్లుతారు. రెండూ కలిస్తే క్లోరిన్ పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీదికి వదిలిన విషవాయువు అదే. ఈ సంగతి ఇంటివాళ్ళకీ తెలియాలి, బాత్‌రూం కడిగే పనమ్మాయికి ఇంకా ముందు తెలియాలి, ఎందుకంటే వంగి పీల్చేది ఆ పిల్లే.

కూతురు: అందుకేగా ప్యూరిఫయర్ కొన్నది. హెపా ఫిల్టరు, సన్నటి నలుసుల్ని వందకి తొంభై తొమ్మిదికి పైగా పట్టేస్తుంది.

అక్క: పొగని పడుతుంది, చూశాను. అలమర వాసనని పడుతుందా?

కూతురు: బొగ్గు పొర ఉంటే కొంత పడుతుంది. దీంట్లో పల్చటి పొరే ఉంది.

అక్క: తెల్లారి మీ గది తలుపు తీస్తే వచ్చే ముక్కు వాసనని?

కూతురు: అదా... అది మేం వదిలిన ఊపిరి. దాన్ని ఏ ఫిల్టరూ పట్టదు.

అక్క: ఏసీకి బయట అంత డబ్బా ఉందిగా, అక్కణ్ణించి కొత్త గాలి రాదూ?

కూతురు: రాదమ్మా. ఆ డబ్బా లోపలి వేడిని బయట పారబోస్తుందంతే. స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే తిప్పితిప్పి చల్లబరుస్తుంది.

అక్క: అంటే రాత్రంతా ఒకరు వదిలిన గాలి ఇంకొకరు పీలుస్తున్నారన్నమాట. తలుపు సందుకి గుడ్డ కూడా కుక్కారు, చల్లదనం పోతుందని!

జర్మనీలోని మ్యూనిక్ నగరంలో పెటెన్‌కోఫర్ అనే ఆయన 1858లోనే ఈ లెక్క కట్టాడు. మనుషులున్న గదిలో గాలి ఎంత పాతబడిందో తెలుసుకోవడానికి కార్బన్ డయాక్సైడ్‌ని కొలిచి చూడమన్నాడు. పది లక్షల పాళ్ళలో వెయ్యి దాటితే ఆ గదికి గాలి చాలనట్టే. ఆరుబయట ఇప్పుడది 420 దాటింది. ఏసీ వేసి తలుపులు బిగించి ఇద్దరు పడుకున్న చిన్న గదిలో తెల్లారేసరికి 2000 దాటడం వింతేమీ కాదు. ఆయనే ఇంకో మాట కూడా చెప్పాడు: గదిలో పెంటకుప్ప ఉంటే కిటికీలు తెరిచి లాభం లేదు, ముందు కుప్పని ఎత్తిపొయ్యాలని. ఇది చెప్పగానే తల్లీ కూతురూ ఇద్దరూ నా వైపు తిరిగి, ‘చూశావా’ అని ఒకరితో ఒకరు అన్నారు. అక్క దృష్టిలో కుప్ప అలమర, కూతురి దృష్టిలో ధూపం గిన్నె. నన్నడిగితే రెండూ కుప్పలే.

అక్క: మరా తొమ్మిది కుండీలెందుకు? గాలి శుభ్రం చేసే మొక్కలని చెప్పి తెచ్చారన్నావుగా.

కూతురు: అవి అందానికే. 1989లో నాసా వాళ్ళు చిన్న పెట్టెలో మొక్కని పెట్టి, పెట్టె బిగించి చూశారు. ఇల్లు అలాంటి పెట్టె కాదు. కిటికీలోంచి మారే గాలికి సాటి రావాలంటే చదరపు మీటరుకి కనీసం పది మొక్కలు కావాలని 2019లో లెక్క తేలింది. మంచం వేసుకోవడానికి చోటుండదు.

అక్క: మా తులసికోట వాకిట్లో ఉంటుంది. అది గాలి కోసం కాదులే. ఈ సీసాలూ, డబ్బాలూ, కుండీలూ లేకుండానే మేం నిక్షేపంగా బతికాం. మా అమ్మ నలభై ఏళ్ళు కట్టెల పొయ్యి మీద వండింది. నలుగుర్ని కంది, పెంచింది.

కూతురు: అమ్మమ్మ దేంతో పోయిందమ్మా?

అక్క జవాబు చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మా అమ్మ వంటిల్లు నాకు అంగుళం అంగుళం తెలుసు. దూలాలకి పట్టిన మసి ఎండి పెచ్చులుగా పొయ్యిలోకి రాలేది. పొయ్యి పక్కన ఇనప ఊదుడుగొట్టం ఉండేది. అమ్మ నోరు పెట్టే చివర అరిగిపోయి నున్నగా, తెల్లగా మెరిసేది. రెండో చివర నల్లగా ఉండేది. తడి కట్టెలైతే ఊది ఊది, ముఖం పక్కకి తిప్పి దగ్గి, కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఊదేది. వానాకాలంలో ఊదుడు శబ్దమూ దగ్గూ ఒకదాని వెనక ఒకటి, మాకు నిద్ర లేపే గంటల్లా వినిపించేవి. బీడీ ముట్టనిది, చుట్ట ముట్టనిది. యాభై దాటేసరికి నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మేమంతా ఉబ్బసం అనుకున్నాం. 1999లో దీపం పథకంతో మా వీధిలో ఆడవాళ్ళకి గ్యాసు కనెక్షన్లు వచ్చేసరికి అమ్మ మంచం మీద దిళ్ళకి ఆనుకుని కూచునే నిద్రపోతోంది. పడుకుంటే ఊపిరాడేది కాదు.

చెన్నై శ్రీ రామచంద్ర వైద్య కళాశాలకి చెందిన కల్పనా బాలకృష్ణన్ బృందం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు జిల్లాల పల్లెల్లో, నాలుగు వందలకి పైగా ఇళ్ళలో గాలిని కొలిచింది. 2004లో ఫలితాలు అచ్చయ్యాయి. గ్యాసు వాడే ఇళ్ళలో ఘనపు మీటరుకి సగటున 73 మైక్రోగ్రాముల నలుసులుంటే, కట్టెలూ పిడకలూ వాడే ఇళ్ళలో 732 దాకా ఉన్నాయి. ఆ పదింతల తేడా చదివిన రోజు నాకు ఊదుడుగొట్టమే కళ్ళ ముందు మెదిలింది. ఇంట్లో పొగ వల్ల 2020లో ప్రపంచం మొత్తం మీద 32 లక్షలమంది పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వాళ్ళలో ఎక్కువమంది మా అమ్మలాగే పొగ అనేది వంటలో భాగమనుకునే పోయుంటారు.

అక్క: (కాసేపాగి) అప్పుడెవరూ చెప్పలేదే.

కూతురు: తెలుసమ్మా. నిన్ను తప్పు పట్టడంలేదు.

అక్క: పాపాయి నీళ్ళపోతకి నేను తెచ్చిన గుడ్డలు కూడా రెండుసార్లు ఉతికించావు. అవీ తప్పేనా? నా నూలు చీరలు చింపి కుట్టినవి. ఎంత మెత్తగా ఉన్నాయో చూడు.

కూతురు: గుడ్డలు బంగారం. వాటిలో నువ్వు వేసిన కలరా ఉండలతోనే భయం. అవి నాఫ్తలీన్. కొంతమంది పిల్లలకి పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైము తక్కువుంటుంది. వాళ్ళకి ఆ వాసన తగిలిన బట్టలు కడితే ఎర్ర రక్తకణాలు చితికి కామెర్లు ముదురుతాయి. దీనికి ఉందో లేదో మనకి తెలియదుగా.

అక్క: వేపాకు వేసుకోవచ్చు. ఎండలో పడెయ్యొచ్చు. నాకా మాట ముందే చెబితే నేనే ఉతికేదాన్ని, పనమ్మాయి చేత ఉతికించడమెందుకు?

ఇందులో కోపం ఉందని నాకు తెలుసు, కూతురికీ తెలుసు. అది బట్టల మీద కోపం కాదు.

అక్క: సరే, కిటికీలు తెరుస్తాను. సాయంత్రం దోమలొస్తాయి. ఏం చేస్తావు? కాయిల్ వెలిగిస్తావా?

కూతురు: కాయిలా! ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నటి నలుసులు 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంతకి సమానమని 2003లో పరిశోధకులు కొలిచి చూశారు. దీని మంచం కింద అది పెడతామా?

అక్క: పెట్టకపోతే డెంగీ రాదా? పొగతో నలభై ఏళ్ళకి ఆయాసం వస్తుందేమో. దోమ కుడితే నాలుగు రోజుల్లో జ్వరం.

అక్క మాటలో బరువుంది. గాలి గురించి రాసేవాళ్ళు చాలామంది కిటికీలు తెరవండి అని చెప్పి అక్కడితో ఆగిపోతారు. మలేరియాని మోసేది దోమేనని 1897లో రొనాల్డ్ రాస్ కనిపెట్టిన సికింద్రాబాదుకి ఇంత దగ్గరలో ఉండి, దోమల సంగతి మాట్లాడకుండా కిటికీ తెరవమనడం సగం సలహాయే.

కూతురు: దోమతెర కడదాం. కిటికీలకి జాలీ వేయిస్తాను, రేపు కొలతలకి మనిషి వస్తున్నాడు. జాలీ పడేదాకా పొద్దుగూకే వేళ మూసేద్దాం. తెరిచేది కూడా పొద్దున్నే వద్దు. చలికాలం తెల్లవారుజామున ఊళ్ళో పొగంతా నేల మీదే పేరుకుని ఉంటుంది. ఎండెక్కాక, పదకొండు నుంచి నాలుగు దాకా తెరుద్దాం. రోడ్డు వైపువి కాదు, వెనక చెరువు వైపువి.

అక్క: ఒక వైపే తెరిస్తే గాలి ఆడదు. ఎదురుబొదురుగా రెండుండాలి. మన పాతింట్లో ప్రతి గదికీ కప్పు కింద వెంటిలేటర్లుండేవి. వేడి గాలి పైకెక్కి వాటిలోంచి పోయేది. మీ ఇంట్లోనూ ఉండే ఉంటాయి. ఈ తెల్ల అట్టల కప్పు వేసి మూసేశారు.

కూతురు: ఫాల్స్ సీలింగ్ అది. వంటింట్లో మూయలేదులే, అక్కడ ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంది.

అక్క: ఉంటే వెయ్యాలి. నిన్న పోపు పెడితే ఆ ఘాటుకి హాల్లో అందరికీ దగ్గొచ్చింది. పైనున్న చిమ్నీ ఊదిన గాలి మళ్ళీ నా ముఖానికే కొడుతోంది.

నిజమే. దానికి బయటికి గొట్టం పెట్టలేదు. నూనె జిడ్డుని కొంత పట్టి, తక్కిన గాలిని గదిలోకే వదిలే రకం అది. గొట్టం పెట్టించాలి. ముగ్గురం ఒప్పుకున్న మొదటి విషయం ఇదే.

అలమర తలుపులు పగలంతా బార్లా తెరిచి ఉంచాలనీ, పాపాయి బట్టలు అక్క తెచ్చిన రేకు పెట్టెలోకి మార్చాలనీ, అలమర కోసిన అంచులు పచ్చిగా కనిపించేచోట వడ్రంగిని పిలిచి పట్టీలు వేయించాలనీ అనుకున్నారు. హాల్లో సీసా అక్క స్వయంగా పీకేసింది. దేవుడి దగ్గర అగరొత్తి మాత్రం మానననీ, కిటికీ దగ్గర వెలిగించి, అది ఆరేదాకా పడగ్గది తలుపు మూస్తాననీ చెప్పింది. కూతురు ఆ మాటకి ఇంకా సరేననలేదు. ఇదంతా తేలేసరికి పాపాయి లేచి పాలు తాగి మళ్ళీ పడుకుంది.

అప్పుడు కూతురు ఉన్నట్టుండి అడిగింది.

కూతురు: అమ్మా, ఊళ్ళో మనింట్లో నీళ్ళు కాచుకునేది గ్యాస్ గీజరే కదూ? బాత్‌రూం లోపలే ఉందిగా?

అక్క: లోపలే. చిటికెలో వేడెక్కుతాయి. పొగా రాదు, వాసనా రాదు.

కూతురు: అక్కడ వెంటిలేటరు తెరిచే ఉందా?

అక్క: చలిగాలి కొడుతోందని మీ నాన్న కార్తీకంలో అట్ట కుక్కారు. తలుపు కింద సందుక్కూడా గోనెపట్టా...

అక్క మాట సగంలోనే ఆగిపోయింది. కూతురు అప్పటికే ఫోను తీసింది. నా చేతులు చల్లబడ్డాయి. గ్యాసు లీకైతే తెలియాలని సిలిండరులోకి కంపు కొట్టే పదార్థం కలుపుతారు. కానీ చాలినంత గాలి లేని గదిలో ఆ గ్యాసే మండితే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, కంపు లేదు. ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకి పైగా గట్టిగా రక్తాన్ని పట్టుకుంటుంది. స్నానం చేస్తున్న మనిషికి కాస్త తల తిరిగినట్టుంటుంది, అంతలోనే కాళ్ళలో సత్తువ పోతుంది. గడియ తీసుకుని బయటికి రాలేరు. ప్రతి చలికాలం పేపర్లో ఇలాంటి వార్త ఒకటైనా చదువుతాం. పొద్దున్నించీ మేం ముగ్గురం ముక్కుతో వాదించుకున్నాం. ఈ వాయువు ఆ ముక్కుకి అందేది కాదు.

కూతురు: నాన్నా, స్నానం అయిందా? ఇంకా లేదా? మంచిది. గీజరు వెయ్యకు. ముందా వెంటిలేటర్లో అట్ట తీసెయ్యి.

అవతలి నుంచి బావగారి గొంతు నాకు వినిపిస్తోంది. చలేస్తుందని, పదేళ్ళుగా ఏమీ కాలేదని, ఆదివారం చూద్దామని ఏదో అంటున్నారు.

అక్క ఫోను లాక్కుంది.

“ఏమండీ, నేను చెబుతున్నాను. స్టూలు వేసుకుని ఇప్పుడే తియ్యండి. గోనెపట్టా కూడా. ఫోను పెట్టెయ్యకండి, తీసిన చప్పుడు నాకు వినబడాలి. ఇవాళ్టికి పొయ్యి మీద నీళ్ళు కాచుకోండి. రేపు మేస్త్రీని పిలిచి, ఆ గీజరు పెరటి గోడకి బయట బిగించి, లోపలికి గొట్టం ఒక్కటే ఇమ్మని చెప్పండి.”

స్టూలు ఈడ్చిన చప్పుడు వినిపించింది. తర్వాత అట్ట చిరిగిన చప్పుడు.